నాన్న తెచ్చిన తొలినాటి స్మార్ట్‌ఫోన్ ఉంచుకోవాలా, అమ్మేయాలా?

పాఠకుల ప్రశ్నలు, అమలాపురం మొబైల్ మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నయ్యగారూ, నమస్తే. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు కువైట్‌లో డ్రైవరుగా చేసేవారు. 2009లో సెలవుకి వచ్చినప్పుడు నోకియా ఈ63 తెచ్చుకున్నారు. పోయిన ఏడాది కాలం చేశారు. ఆ ఫోను ఇప్పటికీ ఆన్ అవుతోంది, ఆయన సిమ్ కూడా అందులోనే ఉంది. అమ్మ దాన్నే వాడుకుంటానంటోంది. తమ్ముడేమో పాత స్మార్ట్‌ఫోన్లకు లక్షలిస్తున్నారట, అమ్మేద్దాం అంటున్నాడు. మావారు బ్యాటరీ పేలుతుంది, పడెయ్యమంటున్నారు. అసలు ఇలాంటి ఫోను ఇంట్లో ఉంటే లాభమా, నష్టమా?
– పేరు వద్దన్న పాఠకురాలు, ముమ్మిడివరం మండలం

జవాబు: అమ్మొద్దమ్మా, పడేయొద్దు కూడా. మీ అమ్మగారు మాట్లాడుకోవడానికి వాడుకోవచ్చు. అయితే అది ఎవరి చేతికి వెళ్లాలో తేల్చుకునే ముందు, అందులో మీ నాన్నగారివి ఏమేం ఉన్నాయో అన్నీ బయటికి తీయాలి. ఇది ఈ వారంలోనే జరగాలి. ఆ ఫోను వయసుకి, మన కోనసీమ ఉప్పుగాలికి, ఇవాళ ఆన్ అయింది కదా అని వచ్చే నెల కూడా అవుతుందన్న భరోసా లేదు. లోపల బోర్డుకి చిలుము పట్టడం మొదలైతే పైకి ఏమీ కనపడదు. ఒకరోజు బటన్ నొక్కితే ఒకసారి వణికి ఊరుకుంటుంది. అలా నా బల్ల మీదకు వచ్చిన ఫోన్లు చాలా ఉన్నాయి. తెచ్చినవాళ్లకి ఆ ఫోను అక్కర్లేదు, 'అందులో మా పాప చిన్నప్పటి ఫొటోలున్నాయండి' అంటారు. అప్పుడు వాళ్ల మొహం చూడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తీసే పద్ధతి చెబుతాను, ఇంట్లో చేసుకోవచ్చు. ముందు ఫోనుని నిండా చార్జ్ చేయండి. దీనికి సన్నపిన్ను చార్జర్ కావాలి. పక్కనున్న చిన్న యూఎస్‌బీ రంధ్రం కంప్యూటరుకి కలపడానికే, దానితో చార్జింగ్ ఎక్కదు. ఫొటోలు కొన్ని ఫోన్ మెమరీలో, కొన్ని మెమరీ కార్డులో ఉంటాయి. చాలామంది కార్డు ఒక్కటే తీసి కాపీ చేసుకుని అయిపోయిందనుకుంటారు. అలా కాదు. ఫైల్ మేనేజర్ తెరిచి, ఫోన్ మెమరీలోని ఇమేజెస్, వీడియోస్, సౌండ్స్ ఫోల్డర్లను కూడా కార్డులోకి కాపీ చేయండి. తర్వాత కార్డు బయటికి తీసి, రీడర్‌లో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించండి. ఫైళ్ల పేర్లు మాత్రం మార్చకండి. ఆనాటి నోకియా ఫోన్లు ఫొటోకి తీసిన తేదీనే పేరుగా పెట్టేవి. 14012010 అని ఉంటే అది 2010 సంక్రాంతి నాటి ఫొటో. తర్వాత్తర్వాత ఏ ఫొటో ఎప్పటిదో చెప్పడానికి ఇంట్లో మనిషి లేనప్పుడు ఆ అంకెలే చెబుతాయి.

నంబర్లకి కాంటాక్ట్స్‌లో అన్నీ మార్క్ చేసి, ఆప్షన్స్‌లో కాపీకి వెళ్లి మెమరీ కార్డుకి పంపండి. మెసేజ్‌ల దగ్గరే కాస్త ఇబ్బంది. వాటిని తేలిగ్గా బయటికి తీసే దారి ఆ ఫోనులో లేదు. ఇంట్లో ఉన్న కొత్త ఫోనుతో ఒక్కో మెసేజ్ తెరిచి స్క్రీను ఫొటో తీసుకోవడమే సులువు. ఓపిక చేసుకుని తీయండి. ఆ రోజుల్లో కువైట్ నుంచి ఇంటికి మెసేజ్ పెట్టాలంటే తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాల్సి వచ్చేది. తెలుగులో పంపినా మనకి గడులు గడులుగా కనపడేది. అయినా ఆ అక్షరాల్లో మనిషి పలుకు వినపడుతుంది.

రికార్డర్ కూడా తప్పకుండా తెరిచి చూడండి. మాట్లాడుతుండగా కాల్‌ని రికార్డు చేసే వీలు ఆ ఫోన్లకి ఉండేది. మధ్యమధ్యలో చిన్న బీప్ వినపడుతుంది, అంతే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంట్లో పిల్లల మాటలు అలా దాచుకోవడం నాకు తెలుసు. ఆ ఫైళ్లు ఏఎంఆర్ రకానివి. కొత్త ఫోనులో మామూలు ప్లేయరు వాటిని తెరవకపోతే వీఎల్‌సీ అనే ప్లేయరు యాప్ వేసుకోండి. అన్నీ బయటికి వచ్చాక ఒక ప్రతి కంప్యూటర్లో, ఒక ప్రతి వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. మీ తమ్ముడికి వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. ఈ63 కెమెరా రెండు మెగాపిక్సెళ్లది, అసలే తక్కువ. తగ్గించకుండా ఉంచితే పోస్టుకార్డు సైజులో చక్కగా ప్రింటు వస్తుంది.

ఒక హెచ్చరిక. ఫోను దుకాణానికి తీసుకెళ్తే, 'స్లోగా ఉంది, ఫార్మాట్ కొడతాను' అంటే ఒప్పుకోకండి. ఈ తరహా నోకియాల్లో *#7370# కొట్టి లాక్ కోడ్ ఇస్తే ఫోన్ మెమరీలో ఉన్నదంతా పోతుంది. తిరిగి రాదు. లాక్ కోడ్ మార్చకపోతే అది 12345 అని ప్రతి మెకానిక్‌కీ తెలుసు.

ఇక లాభనష్టాల మాట. ఈ తొలినాటి స్మార్ట్‌ఫోన్లలో ఏది పనిచేస్తుంది, ఏది చేయదు అని తెలుసుకోవడానికి నేనొక లెక్క పెట్టుకున్నాను. ఫోను తనంతట తాను చేసే పని ఏదైనా ఇప్పటికీ చేస్తుంది. ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరుని అడిగి చేసే పని ఏదైనా ఆగిపోయింది, లేదా రేపోమాపో ఆగిపోతుంది. ఈ63నే తీసుకోండి. నోకియా దీన్ని 2008 చివర్లో ప్రకటించింది. కంప్యూటరుకి ఉన్నట్టు పూర్తి కీబోర్డు, వైఫై, మెయిలు, ఆఫీసు ఫైళ్లు చూసుకునే వీలు ఉన్నాయి. గల్ఫ్ నుంచి వచ్చినవాటికి కీల మీద అరబ్బీ అక్షరాలు కూడా ఉండేవి. మీ నాన్నగారి ఫోనుకీ ఉండి ఉంటాయి. ఆ అక్షరాలు చూడగానే ఫోను ఏ విమానం దిగిందో మాకు తెలిసిపోయేది.

అందులో ఎఫ్ఎం ఇప్పటికీ పలుకుతుంది. హెడ్‌ఫోన్ వైరు పెట్టాలి, ఆ వైరే ఏరియల్. స్పేస్ కీ నొక్కిపట్టి ఉంచితే కెమెరా పక్క లైటు టార్చిలా వెలుగుతుంది. అలారం, క్యాలెండరు, కాలిక్యులేటరు అన్నీ ఉన్నాయి. బ్యాటరీ 1500 ఎంఏహెచ్, చిన్న స్క్రీను. మంచి బ్యాటరీ వేస్తే మాటలకు మాత్రమే వాడేవాళ్లకి రెండుమూడు రోజులు వస్తుంది. గోదావరి పక్కన ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. 2022 జులై వరదకి ధవళేశ్వరం దగ్గర నీటి విడుదల 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు, దాన్నిబట్టి ఎంత నీరో ఊహించుకోండి. లంకల్లో కరెంటు లేక పెద్ద ఫోన్లన్నీ ఆరిపోతే ఎఫ్ఎం ఉన్న ఇలాంటి ఫోను ఇంట్లో ఒకటి ఉండటం ఎంత ధైర్యమో పడవెక్కినవాళ్లకి తెలుసు. టవరే పడిపోతే ఏ ఫోనుకీ సిగ్నల్ ఉండదు. రేడియో మాత్రం వినపడుతుంది.

ఆగిపోయినవి చెబుతాను. సింబియన్ అనే పాత సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఇలాంటి నోకియాలకు వాట్సాప్ 2017 జూన్ 30తో ఆగిపోయింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు వైఫై మీద చవగ్గా మాట్లాడుకున్న నింబజ్ లాంటి యాప్‌లు ఇప్పుడు లేవు. నోకియా 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్‌తో చేయి కలిపి సింబియన్‌ని పక్కన పెట్టేసింది. అప్పటినుంచే ఈ ఫోన్లకి మరమ్మతు చేసే మాకు చేతులు కట్టేసినట్టయింది. ఇంటర్నెట్ తెరిచినా చాలా సైట్లు రావు. వెబ్‌సైట్లు వాడే రహస్య తాళాల పద్ధతి మారిపోయింది, కొత్త తాళం ఈ పాత బ్రౌజరుకి తెలియదు. ఒకప్పుడు ఇదే ఫోనులో తెలుగు పత్రికలు చదవడానికి మేం తంటాలు పడి ఒక ఉపాయం పట్టుకున్నాం. ఒపేరా మినీ అనే బ్రౌజరు అడ్రసు గడిలో ఒపేరా:కాన్ఫిగ్ అని కొట్టి, కిందున్న బిట్‌మ్యాప్ ఫాంట్ల దగ్గర యస్ పెడితే తెలుగు పేజీ బొమ్మగా మారి వచ్చేది. దుకాణానికి వచ్చిన గల్ఫ్ వాళ్లకి ఆ సెట్టింగ్ పెట్టిస్తే, ఊరి వార్త తెలుగులో కనపడగానే వాళ్ల కళ్లు మెరిసేవి.

మీ అమ్మగారి సంగతి. మాటలకు సరే. కానీ ముందు సిమ్ ఏ కంపెనీదో చూడండి. జియో సిమ్ ఇందులో పనిచేయదు, ఎందుకంటే దానికి 4జీ, 5జీ తప్ప పాత 2జీ, 3జీ నెట్‌వర్కులు లేవు. ప్రైవేటు కంపెనీలు 3జీని చాలావరకు తీసేశాయి. ఈ ఫోను ఇప్పుడు నడిచేది 2జీ మీద. మీ ఊళ్లో 2జీ సిగ్నల్ ఇంట్లోకి వస్తోందా, పెరట్లోకి వెళితేనే వస్తోందా చూసుకోండి. ఇంకోటి, ఇప్పటి నానో సిమ్‌ని ప్లాస్టిక్ చట్రంలో పెట్టి ఇందులో తోసేటప్పుడు జాగ్రత్త. చట్రం తీసేటప్పుడు ఇరుక్కుని లోపలి పిన్నులు వంగిపోతాయి. కంపెనీ దుకాణంలో అడిగి పెద్ద సైజు సిమ్ తీసుకోవడం మేలు.

మీరు అడగలేదు గానీ, నాకు అన్నిటికన్నా టెన్షన్‌గా ఉన్నది ఆ సిమ్ గురించే. అది మీ నాన్నగారి పేరు మీద ఉంది. 90 రోజులు వాడకుండా వదిలేస్తే కంపెనీ నంబరు ఆపేయొచ్చు, తర్వాత ఇంకెవరికో ఇచ్చేయొచ్చు. ఆ నంబరుకి బ్యాంకు ఖాతా, గ్యాసు, ఆధార్ ముడిపడి ఉంటే ఓటీపీలు ఆ కొత్త మనిషికి వెళతాయి. మరణ ధ్రువపత్రం, మీ అమ్మగారి ఆధార్ తీసుకుని కంపెనీ దుకాణానికి వెళ్లి ఆవిడ పేరు మీదకు మార్చమని అడగండి. బ్యాంకులో కూడా చెప్పండి. ఫోను ఎంత పాతదైనా ఫరవాలేదు, నంబరు మాత్రం చేయి జారకూడదు.

ఆవిడకి ఈ ఒక్క ఫోనే ఉంటే చాలదు. పింఛను, రేషను, కరెంటు బిల్లు, ప్రతిదీ ఇప్పుడు స్మార్ట్‌ఫోనుతో ముడిపడింది. మన ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర సేవలన్నీ వాట్సాప్ మీదే. మనవలని వీడియోలో చూడాలన్నా ఇది కుదరదు. ఇంట్లో ఎవరిదో ఒక కొత్త ఫోను ఆవిడకి అందుబాటులో ఉంచి, మాటలకు మాత్రం నాన్నగారి ఫోను ఇవ్వండి. ఆ కీలు ఆయన వేళ్లకి అరిగినవి. ఆవిడ దాన్నే అడుగుతున్నారంటే అడగనివ్వండి, కాదనకండి.

తమ్ముడికి చెప్పండి. లక్షల మాట అబద్ధం కాదు, కానీ ఆ వార్త వేరే. 2023 జులైలో అమెరికాలో ఒక వేలంలో మొదటి ఐఫోన్ 1,90,000 డాలర్లు దాటింది. అది 2007లో కొద్ది నెలలు మాత్రమే అమ్మిన 4 జీబీ రకం, పెట్టె సీలు కూడా తీయనిది. వాడిన ఈ63కి అలాంటి ధర రాదు. తూకానికి కొనేవాడు ఇచ్చే డబ్బు మీకు నెల రోజుల పాలకి కూడా చాలదు.

మీవారి భయం మాత్రం ఉత్తిదేం కాదు. బ్యాటరీ తీసి బల్ల మీద పడుకోబెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగిందంటే ఉబ్బినట్టే. ఉబ్బితే చార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు, చెత్త తగలబెట్టే చోట వేయొద్దు. ఈ-వేస్టు తీసుకునే చోట ఇచ్చేయండి. ఉబ్బకపోతే వాడుకోవచ్చు. రాత్రంతా చార్జింగ్‌లో వదిలేయకండి, పరుపు మీద పెట్టి చార్జ్ చేయకండి. కొన్నాళ్లు వాడనప్పుడు సగం చార్జింగ్‌తో ఉంచి, ఫోను నుంచి బ్యాటరీ విడిగా తీసి దాచండి. ఈ తరం ఫోన్లకున్న పెద్ద లాభం అదే. వెనక మూత గోటితో తీసి బ్యాటరీ మార్చుకోవచ్చు, ఇప్పటివాటికి హీట్ గన్ పెట్టి జిగురు కరిగించాలి.

ప్రశ్న: నేను కాళ్ల మండలంలో రొయ్యల చెరువులు చేస్తానండి. నా దగ్గర నోకియా 5800 ఉంది. చెరువు గట్టు మీద ఇప్పటికీ అదే. కొత్త టచ్ ఫోన్లు తడిచేతికి మాట వినవు, ఇది వింటుంది. ఎందుకంటారు? దీనికి బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది?
– ఒక రైతు, పశ్చిమగోదావరి

జవాబు: బాగా గమనించారండి. 5800 టచ్ నొక్కుడుకి పనిచేస్తుంది. పైన పలచటి పొర, కింద ఇంకో పొర, వేలు నొక్కితే రెండూ తగులుతాయి. అందుకే గోరైనా, పుల్లయినా, మేత అంటిన చెయ్యయినా ఫరవాలేదు. ఇప్పటి స్క్రీన్ల మీద సన్నటి విద్యుత్ క్షేత్రం ఉంటుంది, మన వేలు తగిలితే అందులో వచ్చే మార్పుని అవి పసిగడతాయి. నీటిబొట్టు పడినా అది వేలే అనుకుని గందరగోళపడతాయి. 2007లో ఐఫోన్ వచ్చాక లోకమంతా ఆ రెండోదానివైపు వెళ్లిపోయింది. వేలు తేలిగ్గా జారుతుంది, రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేయొచ్చు, అందుకని. చెరువు మీద పనిచేసేవాళ్లకి ఆ మార్పులో నష్టమే జరిగింది. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను.

బ్యాటరీ బీఎల్-5జే, 1320 ఎంఏహెచ్. దొరుకుతుంది, కానీ కొత్తది అని ఇచ్చేదాన్ని నమ్మకండి. లిథియం బ్యాటరీ వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. పెట్టెలో కూర్చున్నది కూడా ముసలిదవుతుంది. మీద 3000 అని రాసి ఉంటే కచ్చితంగా డూప్లికేటు. ఆ సైజులో అంత పట్టదు. కొనేచోట ఫోనులో వేయించి, కాసేపు కెమెరా వాడి, వేడెక్కుతోందేమో చూసి డబ్బివ్వండి. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లకి కరెంటు పోయినప్పుడు కబురు చెప్పే ఫోను ఇదొక్కటే అయితే మాత్రం పక్కన ఇంకో ఫోను ఉంచుకోండి. పంట డబ్బుతో పనండీ ఇది.

ప్రశ్న: సార్, నేను గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. రీల్స్ చూస్తూ టైమ్ పోతోంది. మా ఇంట్లో పాత శాంసంగ్ గెలాక్సీ వై ఉంది. ఫార్మాట్ చేసి అదే వాడదామనుకుంటున్నాను. మంచిదేనా?
– విద్యార్థి, భీమవరం

జవాబు: ఫార్మాట్ మాత్రం చేయకు బాబూ. గెలాక్సీ వై 2011 నాటిది, ఆండ్రాయిడ్ 2.3. ఇలాంటి పాత ఆండ్రాయిడ్లలో గూగుల్ ఖాతాతో లాగిన్ అవడాన్ని 2021 సెప్టెంబరు 27 నుంచి ఆపేశారు. ఒకసారి ఫార్మాట్ చేస్తే గూగుల్ ఖాతా మళ్లీ ఎక్కదు, ప్లే స్టోర్ తెరుచుకోదు. అందులో మీ ఇంట్లోవాళ్ల ఫొటోలుంటే ముందు అవి తీయి. పైన ముమ్మిడివరం చెల్లెమ్మకి చెప్పిన మాటే నీకూ.

రీల్స్ రావు, అది నిజం. వాట్సాప్ కూడా 2020 ఫిబ్రవరి 1 నుంచి ఆ రకానికి లేదు. కానీ ఆ ఫోను నీకు వేరే రకం చిరాకు తెస్తుంది. లోపల యాప్‌లకి 180 ఎంబీ చోటే. ఆ రోజుల్లో నా దగ్గరకు వచ్చిన గెలాక్సీ వైలన్నిటిదీ ఒకటే ఫిర్యాదు, మెమరీ నిండిపోయిందండీ అని. భద్రతా మార్పులు ఆగిపోయిన ఫోను కనుక దాంట్లో ఇంటర్నెట్ వాడకు. మెయిలుగానీ బ్యాంకుగానీ ముట్టుకోకు.

చదువు కోసమే అయితే 4జీ పలికే మామూలు కీప్యాడ్ ఫోను కొనుక్కో, జియో సిమ్ అయినా నడుస్తుంది. నీ స్మార్ట్‌ఫోను అమ్మగారికి ఇచ్చేయి. నోటిఫికేషన్లు, హాల్ టికెట్టు, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, ఆన్‌లైన్ టెస్టులు వీటన్నిటికీ అది కావాలి కాబట్టి అమ్మొద్దు. రోజూ సాయంత్రం అమ్మగారి దగ్గర తీసుకుని, ఆవిడ ఎదురుగానే కూర్చుని పని చూసుకుని తిరిగి ఇచ్చేయి. ఓటీపీ అవసరమయ్యే సిమ్ ఏ ఫోనులో ఉందో మాత్రం పరీక్ష ఫీజు కట్టే రోజుకి ముందే చూసుకో.